వింటున్నది ఎవరి నగుమోము?

సినిమా పాటల అభిమానిని "ఏం వింటున్నారు?" అని అడిగితే పాట పేరు చెప్తాడు. అక్కడితో అయిపోతుంది. కర్నాటక సంగీతం వినేవాళ్లను అడిగి చూడండి. "నగుమోము" అంటారు, త్యాగరాజు కృతి అది. వెంటనే రెండో ప్రశ్న పడుతుంది: ఎవరిది, అంటే ఎవరు పాడింది? ముసిరిదా, ఎమ్మెస్‌దా, బాలమురళిదా? బాలమురళిదే అంటే మూడో ప్రశ్న: రికార్డుగా వచ్చిందా, కచేరీదా? కచేరీదైతే ఏ ఊళ్లో, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు? ఇంత విచారణ జరిగితే గానీ మనం ఏం వింటున్నామో అవతలివాళ్లకు తెలియదు.

బయటివాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. కానీ ఈ సంగీతం తయారయ్యే తీరే అలాంటిది. త్యాగరాజు సాహిత్యం ఇచ్చాడు, వరస ఇచ్చాడు. సంగతులు, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీర్లు, శిష్యుల గొంతుల మీదుగా, ఒక్కో పరంపరలో ఒక్కోలా మనదాకా వచ్చాయి. ఇక కృతికి ముందు మాటల్లేకుండా రాగం పాడే ఆలాపన, మధ్యలో ఒక పాదాన్నే పట్టుకుని విస్తరించే నెరవు, చివర సరిగమలు అల్లే స్వరకల్పన ఎవరూ రాసిపెట్టినవి కావు. ఆ సాయంత్రం ఆ గాయకుడికి తోచినవి. మర్నాడు అదే మనిషి అదే కృతి పాడినా అవి రావు. కృతి పేరు చెప్పడమంటే ఊరి పేరు చెప్పడం లాంటిది. ఇల్లు ఇంకా దొరకలేదు.

నగుమోమునే తీసుకుందాం. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గొంతులో అది 78 ఆర్పీఎం రికార్డుల కాలంలో పేరు తెచ్చుకుంది. ఆ రికార్డుకు ఒక పక్క పట్టేది మూడు నాలుగు నిమిషాలే. ఆలాపనకు చోటుండదు, స్వరాలకు అసలే ఉండదు. ఉన్న కాస్తలో మనసు కరిగించాలి. అదే కృతిని కచేరీలో అరగంట పాడేవాళ్లున్నారు. బాలమురళి పాడితే తెలుగువాళ్లకు అది ఇంట్లో మనిషి మాటలా వినిపిస్తుంది. ఈ కృతి రాగం ఆభేరి. ఇప్పుడు ఆ పేరుతో పాడేది అసలు ఆభేరి కాదని, పాత ఆభేరిలో "ధ" స్వరం వేరని, అది శుద్ధ ధైవతమని, ఇప్పటిది కర్నాటక దేవగాంధారి అనే రాగమని వాదించేవాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. ఆ వాదన మొదలైతే భోజనాల వేళకు కూడా తేలదు.

ఇందులో తెలుగు శ్రోత మాత్రమే పట్టుకోగలిగిన సంగతి ఒకటుంది. ఆ పల్లవి "శ్రీ రఘువర నీ" దగ్గర ముగుస్తుంది. ఆ "నీ" మళ్లీ మొదటికి వెళ్లి "నగుమోము"తో కలిస్తేనే అర్థం: నీ నగుమోము గనలేని నా జాలి. తాళం ప్రకారం అక్కడ ఆవృతం, అంటే తాళం చుట్టు, పూర్తవుతుంది, మాట ప్రకారం కాదు. భాష తెలిసిన గాయకుడు ఆ "నీ"ని గాల్లో వదిలేయడు, తర్వాతి మాటలోకి ఒంపుతాడు. భాష రాని గాయకుడు ఎంత గొప్పగా పాడినా అక్కడ ఒక చిన్న గుంట కనిపిస్తుంది మనకి. మద్రాసు సభల్లో నలభై ఏళ్లుగా ముందు వరుసలో కూర్చుంటున్న రసికుడికి, ఆయనకు తెలుగు రాకపోతే, ఆ గుంట తెలియకపోవచ్చు. నేను ఏం వింటున్నానో నలుగురితో చెప్పుకోవడంలో నాకు విలువ కనిపించేది ఇలాంటి చోట్లే.

రికార్డు ఎవరిదో చెప్పాల్సిన అవసరం కొత్తది కూడా కాదు. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోన్‌కు పాడినప్పుడు, పాట చివర ఇంగ్లీషులో "నా పేరు గౌహర్ జాన్" అని గట్టిగా చెప్పేది. ఆ రికార్డులు అచ్చు వేసేది ఎక్కడో జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లు ఏ రికార్డు ఎవరిదో గుర్తుపట్టాలి కదా. ఆ తర్వాత ఆ పని రేడియో చేసింది. 1948లో విజయవాడ కేంద్రం వచ్చాక, కచేరీకి ముందు అనౌన్సర్ గాయకుడి పేరు, వయొలిన్, మృదంగం, ఒక్కో కృతికి రాగం, తాళం, వాగ్గేయకారుడు, అన్నీ వరసగా చదివేవాళ్లు. సంగీతం ఓనమాలు రాని ఇళ్లలో కూడా "వయొలిన్: అన్నవరపు రామస్వామి" అన్న మాట నోటికొచ్చేది. మా పెదనాన్నగారు ఆ అనౌన్స్‌మెంట్ కూడా వదలకుండా క్యాసెట్‌లోకి ఎక్కించేవారు. పాట ఎంత ముఖ్యమో అదీ అంతే అనేవారు. ఆ పైన క్యాసెట్ అట్ట మీద సన్నటి అక్షరాలతో అన్నీ రాసేవారు. మృదంగం ఎవరో వినపడకపోతే ఆ చోట ఒక ప్రశ్నార్థకం.

ఇప్పుడు ఫోన్లో పాటలకు కొదవ లేదు. ఆయన జీవితమంతా పోగేసిన దానికి వంద రెట్లు ఒక్క యాప్‌లో దొరుకుతుంది. కానీ బొమ్మ కింద కనిపించేది ఒక్క పేరే, గాయకుడిది. పక్కవాద్యం వాళ్ల పేర్లు చాలాసార్లు ఎక్కడా ఉండవు. పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగం ఉందంటే గాయకుడెవరని కూడా అడక్కుండా వెళ్లే జనం ఉండేవాళ్లు. అలాంటి మనిషి యాప్ లెక్కలో లేనట్టే. కచేరీలో ఒకే అంశంగా సాగే రాగం తానం పల్లవిని మూడు ముక్కలు చేసి మూడు పాటలుగా పెడతారు. షఫుల్ నొక్కితే పల్లవి ముందు, రాగం రేపు. ఇక పేర్లు వెతకడం ఇంకో తలనొప్పి. తమిళులు ఇంగ్లీషులో "త"కి హెచ్ తగిలిస్తారు, మనం ఉత్త టీతో సరిపెడతాం. ఒకే కృతి నాలుగు స్పెల్లింగుల్లో నాలుగు చోట్ల దాక్కుంటుంది. త్యాగరాజు తెలుగులో రాశాడు, తెలుగు అక్షరాల్లో పేరు పెట్టిన రికార్డులు మాత్రం తక్కువ.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాళ్లకూ ఇదే గొడవ. ఒకే సింఫనీకి కండక్టర్ వేరు, ఆర్కెస్ట్రా వేరు, ఏడాది వేరు. వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక ఆపిల్ 2023 మార్చిలో ఆ సంగీతానికే ప్రత్యేకంగా ఒక యాప్ తెచ్చింది. మన సంగీతానికి వాగ్గేయకారుడు, రాగం, తాళం, పక్కవాద్యాలు, సభ, సంవత్సరం అన్నీ వెతికి చూపించే అలాంటి ఏర్పాటు పెద్ద కంపెనీల నుంచి వస్తుందని నేనైతే ఎదురుచూడటం లేదు. ఆ పని ఇప్పటికీ శ్రోతలే చేతులతో చేస్తున్నారు. మద్రాసులో డిసెంబరు కచేరీల సీజన్లో ఒకాయన కచేరీ నుంచి బయటికొచ్చి ఆటో ఎక్కుతూనే పాడిన కృతుల జాబితా మొత్తం టైప్ చేసి పదిమందికి పంపిస్తాడు. పైసా రాదు. పెదనాన్నగారి క్యాసెట్ అట్టే అది, కాకపోతే ఇంకో రూపంలో.

ఆ జాతికి చెందని పంపకాలు కూడా ఉన్నాయి, అవే ఎక్కువ. పొద్దున్నే వాట్సాప్‌లో పది లింకులు, పైన దణ్ణం బొమ్మ, "అద్భుతం" అన్న ఒక్క మాట. పంపినవాళ్లు విన్నారా అంటే నాకు డౌటే. గంట కచేరీ లింకు అందిన రెండో నిమిషానికే "ఆహా" అని జవాబు కూడా వస్తుంది! దాని బదులు "పద్నాలుగో నిమిషం దగ్గర వయొలిన్ చూడండి, గాయకుడు ఊపిరి తీసుకునే లోపల ఆ మాటను అందుకున్నాడు" అని ఒక్క ముక్క రాస్తే నేను పని ఆపి వింటాను. పక్కన కూర్చుని మోచేత్తో పొడిచినట్టు ఉంటుంది అది. సభలో మనం చేసేది అదే కదా, తొడ మీద తాళం వేస్తూ పక్కవాడి వైపు ఓ చూపు చూడటం.

రెండో రకం మనుషులూ ఉన్నారు, వీళ్ల వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. ఇరవై ఏళ్ల పిల్ల ఒకరోజు ఏదో కీర్తన విని "ఇది భలే ఉంది, మూడుసార్లు విన్నాను" అంటుంది. వెంటనే ఐదుగురు పెద్దమనుషులు మీద పడతారు. రాగం చెప్పలేదేం? అది కృతి అమ్మా, పాట కాదు. ఇది ఏం పాడటం, మదురై మణి పాడితే వినాలి. ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. రాగం పేరు తెలియడం వేరు, విన్నది మనసుకు పట్టడం వేరు. ఆ మూడోసారి విన్నప్పుడు ఆమెకు ఏం దొరికిందో అడిగి ఉంటే ఐదుగురికీ ఏదో ఒకటి తెలిసేది.

ఇంకోటి. మనవాళ్ల "ప్రస్తుతం వింటున్నవి" చూస్తే అందులో ప్రస్తుతం పెద్దగా ఉండదు. అన్నీ యాభై అరవై ఏళ్ల నాటివి. గాత్రం తప్ప వేరేది కనిపించదు. షేక్ చినమౌలానా నాదస్వరం, ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు, ఈమని శంకరశాస్త్రి వీణ ఎవరైనా పంపి ఎన్నాళ్లయింది? పాత రికార్డింగుల్లో చాలా భాగం విద్వాంసులను అడక్కుండా టేపుల్లోకి పట్టినవే, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పోయినవాళ్ల విషయంలో ఆ దొంగతనమే మనకు భాండాగారం అయింది, కాదనను. బతికున్నవాళ్ల విషయంలో మాత్రం నాకు అంత సుఖంగా అనిపించదు. ఊళ్లో ఉచిత కచేరీకి ముప్ఫై కుర్చీలు నిండవు. ఆ కచేరీనే ఎవరో ఫోన్లో పట్టి పంపితే మూడొందల మంది వింటారు.

పోయినేడు నాకో పాత రేడియో కచేరీ పంపారు ఎవరో. వివరాలన్నీ రాశారు, మృదంగం పేరుతో సహా. వింటుంటే అర్థమైంది, పెదనాన్నగారి క్యాసెట్లో ప్రశ్నార్థకం ఉన్న కచేరీయే ఇది. ఆయన టేపులో తోడి రాగం ఆలాపన తారస్థాయికి ఎక్కుతూ ఉండగా ఒక పక్క అయిపోయేది. టక్‌మని ఆగేది. క్యాసెట్ తిరగేసి పెట్టేసరికి రాగం కిందికి దిగిపోయి ఉండేది. మధ్యలో ఏం జరిగిందో ముప్ఫై ఏళ్లు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ కాపీలో అది ఆగలేదు. ఓ ఇరవై సెకన్లు, గాంధారం ("గ" స్వరం) మీద నిలబడి, అక్కణ్ణుంచి మెల్లగా దిగాడు గాయకుడు. ఆ చోటు వచ్చినప్పుడు మాత్రం నా చెయ్యి దానంతటదే టేపు తిప్పడానికి లేచింది.