ఫోన్ గుర్తుచేస్తుంది, బిళ్ల ఎవరిస్తారు?

మా అమ్మ వంటింటి తలుపు వెనక ఒక క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. బీపీ బిళ్ల వేసుకోగానే ఆ రోజు గడిలో పెన్నుతో చిన్న సున్నా చుడుతుంది. రెండేళ్ల కిందట నేనే ఆమె ఫోన్‌లో ఒక యాప్ ఎక్కించాను. పొద్దున్న ఎనిమిదింటికి మోగుతుంది, వేసుకున్నారా అని ఇంగ్లిష్‌లో అడుగుతుంది, బటన్ నొక్కాలి. వారం రోజులు శ్రద్ధగా నొక్కింది. ఆ తర్వాత అది మోగినప్పుడల్లా ఎవరో ఫోన్ చేస్తున్నారనుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చేది, కళ్లజోడు వెతుక్కునేలోపు ఆగిపోయేది. నెల తిరక్కుండానే యాప్ సంగతి మర్చిపోయింది. క్యాలెండర్‌లో సున్నాలు మాత్రం ఆగలేదు.

అలాగని ఫోన్ దండగ అని నేను అనను. అదే ఫోన్‌కి ఊళ్లో ఏఎన్ఎం, అంటే సర్కారు ఆరోగ్య ఉపకేంద్రం నర్సమ్మ, నుంచి కాల్ వస్తుంది. "ఏమ్మా, ఈ నెల బిళ్లలకు రాలేదే, ఒంట్లో బాగుందా?" అంటుంది ఆ అమ్మాయి. అమ్మ ఆ మధ్యాహ్నమే బయల్దేరుతుంది. ఈ రెండింటి మధ్య తేడా ఏమిటో తేల్చుకోకుండా ఏటా కొత్త యాప్‌లు తేవడమే మన పెద్ద పొరపాటు.

సమస్య చిన్నదేం కాదు. షుగర్ మీద దేశమంతటా జరిగిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని, పెద్దవాళ్లలో 35.5 శాతానికి బీపీ ఉందని ఆ సర్వే చెప్పింది. ఇవి నొప్పి పెట్టే జబ్బులు కావు, చిక్కంతా అక్కడే ఉంది. పన్ను నొప్పి వస్తే మనిషి తనంతట తానే డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతాడు. బీపీ ఉన్నవాడికి ఏమీ తెలియదు. మూణ్నెల్లు బిళ్లలు వాడాక రీడింగ్ మామూలుగా కనిపిస్తే "తగ్గిపోయిందిగా, ఇంకెందుకు" అని మానేస్తాడు. ఆ రీడింగ్ తగ్గింది బిళ్ల వల్లేనని ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ చెప్పాలి. ఓపీ ముందు వంద మంది నిలబడి ఉంటే డాక్టర్‌కి ఆ తీరిక ఉండదు. ఫోన్ పనికొచ్చేది సరిగ్గా అక్కడ.

దీనికి చెన్నై పరిశోధకుల దగ్గర మంచి రుజువు దొరికింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ వచ్చే ప్రమాదం ఉన్న 537 మంది ఉద్యోగులను, అంతా మగవాళ్లే, రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి తిండి, నడక గురించి క్రమం తప్పకుండా ఎస్ఎంఎస్‌లు పంపింది. రెండేళ్ల తర్వాత చూస్తే మెసేజ్‌లు అందనివాళ్లలో 27 శాతానికి షుగర్ వచ్చింది, అందినవాళ్లలో 18 శాతానికి. 2013లో వెలువడిన ఫలితాలివి. స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ ఏవీ అక్కర్లేకుండా మామూలు ఎస్ఎంఎస్‌తో అంత మేలు జరిగింది. కాకపోతే వాళ్లంతా ఫోన్ చేతిలో ఉన్న ఉద్యోగులు, మెసేజ్ చదువుకోగలిగినవాళ్లు.

మన ఊళ్లలో బిళ్లలు మింగేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లు కారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 49 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు ఇంకా తక్కువ. అదీ 15 నుంచి 49 ఏళ్ల వాళ్ల లెక్క. అరవై దాటిన అత్తమ్మల సంగతి వేరే చెప్పాలా? ఇప్పుడు ఫోన్లు పెరిగి ఉంటాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఉండడం వేరు, దాన్ని ఆమె తీసి చూసుకోగలగడం వేరు.

అందుకే ఫోన్ పని రోగి నెత్తిన పెట్టకుండా నర్సు చేతికి ఇచ్చిన పద్ధతి నాకు నచ్చుతుంది. 2017లో ఐదు రాష్ట్రాల్లో మొదలైన బీపీ అదుపు కార్యక్రమం ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో తెలంగాణ కూడా ఉంది. 2022లో దానికి ఐక్యరాజ్య సమితి అవార్డు వచ్చింది. అందులో భాగంగా పంజాబ్, మహారాష్ట్ర వంటి చోట్ల నర్సులు 'సింపుల్' అనే యాప్ వాడారు. రోగి చేతిలో ఉండేది క్యూఆర్ కోడ్ ఉన్న ఒక కార్డు ముక్క, అంతే. నర్సు దాన్ని స్కాన్ చేసి బీపీ ఎంతో, ఏ మందు ఇచ్చారో ఎక్కిస్తుంది. రావాల్సిన తేదీకి రానివాళ్ల పేర్లన్నీ ఒక జాబితాగా ఆమెకు కనిపిస్తాయి, అక్కడి నుంచే కాల్ చేయొచ్చు. మా అమ్మకు వచ్చే కాల్ లాంటిదే ఇది. కాకపోతే ఎవరు రాలేదో నర్సు గుర్తుపెట్టుకునే పని లేకుండా ఫోనే చూపిస్తుంది.

అయితే ఇంతటితో అయిపోలేదు. పశ్చిమ గోదావరి అనుభవం మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా చదవాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ అక్కడ 18 పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల) పరిధిలో రెండేళ్లపాటు ఒక పెద్ద అధ్యయనం చేసింది. ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో ట్యాబ్‌లోనే తేల్చి, డాక్టర్ దగ్గరికి పంపారు. ఆశాలు తమ పని బాగానే చేశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ముప్పు ఎక్కువున్నవాళ్లలో బీపీ అదుపులో ఉన్నవాళ్లు ఈ పద్ధతి నడిచిన కాలంలో 41.2 శాతం, నడవని కాలంలో 39.2 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేనట్టే.

ఆ అంకె చూసి ట్యాబ్‌లను తప్పుపట్టడం న్యాయం కాదు. జబ్బున్న మనిషిని గుర్తించి గుమ్మం దాకా తీసుకురావడమే ట్యాబ్ పని. లోపల డాక్టర్ ఉన్నాడా, నెలకు సరిపడా బిళ్లలు ఇచ్చారా, పది రోజుల బిళ్లలు చేతిలో పెట్టి మళ్లీ రమ్మన్నారా అన్నది దాని చేతుల్లో లేదు. కూలి పనికి పోయే మనిషి పది బిళ్లల కోసం నెలకు మూడుసార్లు పని మానుకోలేడు. ఇది నేను కళ్లారా చూసిన విషయం. ఒకసారి ఏఎన్ఎం కాల్ చేస్తే అమ్మ ఎండలో నడిచి వెళ్లింది. స్టాక్ రాలేదన్నారు. ఆ నెల క్యాలెండర్‌లో పదకొండు గడులు ఖాళీగా ఉన్నాయి. తర్వాతి నెల కాల్ వస్తే "చూద్దాంలే" అంది.

ఏఎన్ఎంల బాధ కూడా పట్టించుకోవాలి. బాలింతల వివరాలు ఒక యాప్‌లో, టీకాలు ఇంకోదాంట్లో, టీబీ మరోదాంట్లో ఎక్కించాలి. బీపీ, షుగర్ వాటికి తోడయ్యాయి. సిగ్నల్ లేని ఊళ్లో పొద్దంతా కాగితం మీద రాసుకుని, రాత్రి ఇంటికెళ్లి మళ్లీ ఎక్కిస్తారు. పైనుంచి అడిగేది మాత్రం ఎన్ని ఎంట్రీలు చేశావనే. ఎంతమంది బీపీ తగ్గిందని అడిగితే, ఆమె ఆ సమయాన్ని ఎంట్రీలకు కాక రానివాళ్లకు కాల్ చేయడానికి వాడుకుంటుంది.

కొత్తగా డబ్బు పెట్టేవాళ్లు మొదట బిళ్లల స్టాక్ లెక్కనూ రానివాళ్ల జాబితానూ ఒకే తెరమీదకు తేవాలి. బీపీ బిళ్ల అమ్లోడిపిన్ నిండుకున్న రోజున ఆ సెంటర్ నుంచి ఎవరికీ "రండి" అని కాల్ వెళ్లకూడదు. స్టాక్ వచ్చిన రోజున మాత్రం చదువుకోనవసరం లేకుండా తెలుగులో, తెలిసిన గొంతుతో, మామూలు బటన్ ఫోన్‌కి కూడా కాల్ వెళ్లాలి: "అమ్మా, బిళ్లలు వచ్చాయి. నెలకు సరిపడా ఇస్తాం."