సీనియారిటీ ఉంటే ఏపీఏఆర్‌తో పనిలేదా? ఆ మెసేజ్‌లో ఏది తప్పు?

మార్చి నెలాఖరు వస్తే చాలు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఏపీఏఆర్ (ఉద్యోగి పనితీరు మీద పై అధికారి ఏటా రాసే రిపోర్టు) గురించి ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: ‘ఏపీఏఆర్ ఉత్త ఫార్మాలిటీ. సీనియారిటీ లిస్టులో పేరుంటే ప్రమోషన్ దానంతటదే వస్తుంది. సెల్ఫ్ అప్రైజల్ రాయకపోయినా నష్టం లేదు. గుడ్ వస్తే చాలు. మెమో వస్తే మాత్రం ప్రమోషన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ప్రమోషన్ వద్దన్నా ఎంఏసీపీ ఎక్కడికీ పోదు.’ సెల్ఫ్ అప్రైజల్ అంటే ఏడాదిలో చేసిన పని గురించి ఉద్యోగి తానే ఆ ఫారంలో రాసిచ్చేది. ఎంఏసీపీ అంటే ప్రమోషన్ రాకుండా ఆగిపోయినవాళ్లకు జీతం స్థాయి పెంచే పథకం. ఈ మెసేజ్‌ని నమ్మి ఫారం ఖాళీగా వదిలేసేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు.

సీనియారిటీ సంగతి ముందు చూద్దాం. లిస్టులో పేరుంటే డీపీసీ (ప్రమోషన్లు సిఫార్సు చేసే శాఖాపరమైన కమిటీ) పరిశీలనకు వెళ్లే అర్హత వస్తుంది, అంతే. ప్రమోషన్ కోసం పరిశీలించమని అడిగే హక్కు రాజ్యాంగంలోని 16వ అధికరణం కింద ఉంది గానీ, ప్రమోషనే హక్కు కాదు. డీపీసీ మామూలుగా అంతకుముందు ఐదేళ్ల ఏపీఏఆర్‌లు తిరగేస్తుంది. మధ్యలో ఒక ఏడాది రిపోర్టు లేకపోతే అంతకంటే వెనకటి ఏడాది రిపోర్టు బయటకు తీస్తుంది. ఆ పాత రిపోర్టు ఎలా ఉందో చాలామందికి గుర్తే ఉండదు. ఎల్‌డీసీఈ లాంటి, శాఖలోని ఉద్యోగులకే పెట్టే పోటీ పరీక్షతో భర్తీ చేసే కోటాలోనైతే సీనియర్‌ని జూనియర్ దాటిపోవడం మామూలు విషయం. మన పోస్టు ఏ పద్ధతిలో భర్తీ అవుతుందో రిక్రూట్‌మెంట్ రూల్స్‌లో చూసుకోవాలి, గ్రూపు మెసేజ్‌లో కాదు.

‘సెల్ఫ్ అప్రైజల్ రాయకపోయినా నష్టం లేదు’ అనే మాట అన్నింటికంటే ఎక్కువ చెరుపు చేస్తోంది. దాన్ని ఏప్రిల్ 15లోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే రిపోర్టింగ్ ఆఫీసర్ (మీ ఏపీఏఆర్ రాసే పై అధికారి) ఇంకో ఖాళీ ఫారం తీసుకుని తనకు తోచింది రాయొచ్చు, నిబంధన అందుకు ఒప్పుకుంటుంది. ఆయనకేమో జూన్ 30 దాకా గడువు. అప్పటికీ మొదలుపెట్టకపోతే రాసే హక్కు పోతుంది. ఇంకో నిబంధన చాలామంది చదవరు: పదికి 9 లేదా 10 వేస్తే ఫలానా ఘనత వల్ల అని, 1 లేదా 2 వేస్తే ఫలానా వైఫల్యం వల్ల అని పెన్ పిక్చర్‌లో (ఉద్యోగి గురించి అధికారి తన మాటల్లో రాసే భాగంలో) కారణం చూపించాలి. ఇరవై మందికి రిపోర్టులు రాసే అధికారికి మీ ఘనత గుర్తుండాలంటే అది మీ ఫారంలో ఉండాలి.

‘అప్పగించిన పనులన్నీ సక్రమంగా, సకాలంలో పూర్తి చేశాను’ అని రాస్తే ఆయన చేతికి ఏమీ ఇచ్చినట్టు కాదు. ఉదాహరణకి పెన్షన్ సెక్షన్‌లో ఉన్నవాళ్లు ఇలా రాయొచ్చు: ‘ఏప్రిల్ 1 నాటికి పెండింగ్ ఫైళ్లు 340. ఏడాదిలో కొత్తగా వచ్చినవి 610. పరిష్కరించినవి 905. మార్చి 31 నాటికి మిగిలినవి 45. వీటిలో 38 సర్వీసు వెరిఫికేషన్ పూర్తికాక ఆగాయి, సంబంధిత ఆఫీసుకు రాసిన లేఖల తేదీలు ఇవి.’ మొదట ఎంత ఉంది, ఎంత వచ్చింది, ఎంత పోయింది, మిగిలింది ఎందుకు మిగిలింది. నాలుగూ ఉంటే లెక్క తేలుతుంది. ఒక్కటి తప్పినా చదివేవాళ్లకు అనుమానమే. అనుకున్నది కాకపోతే కారణం రాసే గడి కూడా ఫారంలోనే ఉంది. ఖాళీగా వదిలితే ఆ లోటు మీ ఖాతాలోనే పడుతుంది. ఈ అంకెలు మార్చి 31న కూర్చుని గుర్తుచేసుకుంటే రావు, నెలనెలా ఒక పేజీలో రాసిపెట్టుకోవాలి.

అధికారి మారితే ఇంకో చిక్కు. కనీసం మూడు నెలలు మీ పని చూసినవారే రిపోర్టు రాయగలరు. రిటైరైన అధికారికైతే ఆ తర్వాత నెల రోజులే గడువు. ఆయన వీడ్కోలు సభ నాటికే మీ ఫారం ఆయన టేబుల్ మీద ఉండాలి.

‘గుడ్ వస్తే చాలు’ అన్నది ఒకప్పుడు కొన్ని స్థాయిల్లో నిజమే. ఎంఏసీపీకి మాత్రం 2016 జులై 25 నుంచి అన్ని లెవెల్స్‌కీ బెంచ్‌మార్క్ (కనీసం ఉండాల్సిన గ్రేడు) వెరీ గుడ్. అంకెల్లో చెప్పాలంటే 6 నుంచి 8 లోపు వెరీ గుడ్, 4 నుంచి 6 లోపు గుడ్. మొత్తంలో పని ఫలితానికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30, వృత్తి సామర్థ్యానికి 30 శాతం వెయిటేజీ. ఒకరికి వరుసగా 6.5, 5.5, 5.5 పడ్డాయనుకోండి: 2.6 + 1.65 + 1.65 = 5.9. పదో వంతు తేడాతో గుడ్‌లో పడ్డారు.

ఇలాంటప్పుడు చేయాల్సింది గ్రూపులో బాధపడటం కాదు. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, చెడ్డ వ్యాఖ్యలే కాదు, ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలపాల్సిందేనని చెప్పింది. బోర్డర్ రోడ్స్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరైన ఆయనకు 1993-94లో పడ్డ ఒక్క ‘గుడ్’ పైపోస్టుకు అడ్డొచ్చింది, అది పడినట్టు ఆయనకు చెప్పనేలేదు. ఈ తీర్పు తర్వాత, 2009 మే 14 నాటి ఉత్తర్వుతో, పూర్తి ఏపీఏఆర్ చూపించడం, అందిన 15 రోజుల్లోగా రిప్రజెంటేషన్ (గ్రేడు మార్చమని విజ్ఞప్తి) పెట్టుకునే అవకాశం వచ్చాయి. 15 దాటితే గ్రేడు ఖాయమైనట్టే. ‘నేను కష్టపడి పనిచేశాను’ అని రెండు పేజీలు రాస్తే లాభం లేదు. ఏ అంశంలో ఎంత వేశారు, సెల్ఫ్ అప్రైజల్‌లో ఏ వాక్యానికి అది పొసగదు, రుజువుగా ఏ ఫైలు ఉంది, ఈ మూడే రాయాలి. సెల్ఫ్ అప్రైజల్ రాయనివాళ్లకు ఇక్కడ పట్టుకునే ఆధారమే ఉండదు.

మెమో వస్తే ప్రమోషన్ పోయినట్టేనా? కాదు. 1991లో సుప్రీంకోర్టు జానకీరామన్ కేసులో తేల్చినదాని ప్రకారం డీపీసీ సిఫార్సును సీల్డ్ కవర్‌లో (కేసు తేలేదాకా తెరవకుండా) పెట్టేది మూడు సందర్భాల్లోనే: సస్పెన్షన్‌లో ఉండటం, చార్జిషీటు జారీ అయి విచారణ నడుస్తుండటం, క్రిమినల్ కేసులో ప్రాసిక్యూషన్ పెండింగ్‌లో ఉండటం. సంజాయిషీ అడిగిన మెమో, ప్రాథమిక విచారణ ఇందులోకి రావు. అలాగని జవాబివ్వకుండా కూర్చోకండి, చార్జిషీటుకు దారి పడేది చాలాసార్లు అక్కడే.

ఇక ప్రమోషన్ వదులుకునే విషయం. బదిలీ ఇష్టంలేక వద్దని రాసిచ్చేవాళ్లు ముందు ఒక లెక్క చూసుకోవాలి. తిరస్కరించిన తేదీ నుంచి ఏడాదిపాటు మళ్లీ ప్రమోషన్ ఆఫర్ రాదు. 10, 20, 30 ఏళ్లకు వచ్చే ఎంఏసీపీ ఇంకా అందకముందే రెగ్యులర్ ప్రమోషన్ వద్దంటే, ఆ ఎంఏసీపీ ఇవ్వరు. స్టాగ్నేషన్ (ప్రమోషన్ లేక ఒకే చోట ఆగిపోవడం) అంటారే, అది మీ ఇష్టంతో వచ్చిందే అవుతుంది కాబట్టి. ముందే తీసుకున్న ఎంఏసీపీని వెనక్కి లాక్కోరు, కానీ మళ్లీ ప్రమోషన్‌కి సరేననేదాకా తర్వాతిది రాదు, డిబార్ అయిన (తిరస్కరణ వల్ల ప్రమోషన్ ఆఫర్ రాని) కాలమంత వెనక్కి జరుగుతుంది కూడా. తిరస్కరణ లేఖ మీద సంతకం పెట్టేముందు మీ తర్వాతి ఎంఏసీపీ తేదీ ఎప్పుడో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగి కనుక్కోండి.