చిల్లు కనపడుద్ది సరే, గాలి సంగతేంటి అల్లుడూ

చాలా రోజుల్నించి కడుపులో దాచుకున్న మాట, ఇవాళ మొత్తం కక్కేస్తున్నాను. పెద్ద పోస్టే అవుద్ది, ఓపికున్నోళ్ళు చదవండి, లేనోళ్ళు లైకు కొట్టి పోండి, నేనేం అనుకోను ఆయ్.

ముందు నా సంగతి చెప్తే గానీ ఈ గొడవ అర్థం కాదు. పదిహేడేళ్ళు ఆర్మీలో చేసొచ్చాను, ఇప్పుడు భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకి సీసీ కెమెరాలూ, గట్ల మీద డిష్ రేడియోలూ బిగిస్తాను. అంటే సగం జీవితం దూరంగా ఉన్న అట్టకి బుల్లెట్ తగిలించడంతో పోయింది, మిగతా సగం దూరంగా ఉన్నదాన్ని జనాలకి ఫోన్లో చూపించడంతో పోతోంది. ఈ రెండూ కలిపి టార్గెట్ కెమెరా అని ఒక వస్తువు అమ్ముతారని మా మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలీదు.

వాడు టెక్సాస్‌లో ఉంటాడు. సాఫ్ట్‌వేరే, ఇంకేముంటది. అక్కడ లీగల్‌గా రైఫిల్ కొనుక్కుని శని ఆదివారాలు 1000 గజాల రేంజికి పోతాడు. ఎఫ్ క్లాస్ అని ఒక పోటీ ఉందిలెండి, రైఫిల్ ముందుభాగం స్టాండ్ మీద, వెనక భాగం ఇసక సంచి మీద ఆనించి పడుకుని కొడతారు, జార్జ్ ఫార్కర్సన్ అనే కెనడా ఆయన మొదలెట్టాడు కాబట్టి ఆయన పేర్లో ఎఫ్ పెట్టారు. 1000 గజాలంటే 914 మీటర్లు. టార్గెట్ మీద పది మార్కుల రింగు అడ్డం 10 అంగుళాలు, దాని లోపల ఎక్స్ అనేది 5 అంగుళాలు. మా వీధి చివర రామాలయం దగ్గర పడుకుని లాకుల దగ్గర నిలబెట్టిన అన్నం కంచాన్ని కొట్టడం అన్నమాట.

కొట్టడం ఒక ఎత్తు, ఎక్కడ తగిలిందో చూడ్డం ఇంకో ఎత్తు. వాడి రైఫిల్‌లో వేసేది 6.5 క్రీడ్‌మోర్ అనే రకం తూటా, ఆ బుల్లెట్ మందం 6.7 మిల్లీమీటర్లు. అంత చిల్లుని 914 మీటర్ల నుంచి చూడ్డమంటే పది మీటర్ల అవతల ఉన్న తలవెంట్రుక మందాన్ని చూడ్డం లాంటిది. గట్టి స్పాటింగ్ స్కోప్, అంటే పక్కన స్టాండ్ మీద పెట్టుకుని చూసే దుర్భిణి, పెట్టి 60 రెట్లు పెంచితే లెక్క ప్రకారం లీలగా అయినా కనపడాలి. కనపడదు. నేల మీద నుంచి వేడి లేచి గాలంతా నీళ్ళలా ఊగుతా ఉంటది, ఆ ఊపులో చిల్లు కరిగిపోద్ది. మరి ఏం చెయ్యాలి? పోటీలో అయితే కింద గుంటలో ఉన్నోళ్ళు టార్గెట్ దించి గుర్తు పెట్టి లేపుతారు. ఒక్కడే పోయి ప్రాక్టీస్ చేసుకునేవాడు నడవాలి. పోను 914, రాను 914. టెక్సాస్ ఎండ మన రాజమండ్రి ఎండకి అన్నగారు.

అందుకని ఈ టార్గెట్ కెమెరా. టార్గెట్‌కి కాస్త ముందు, పక్కకి, బుల్లెట్ తగలని చోట చిన్న స్టాండ్ మీద కెమెరా, బ్యాటరీ, యాంటెనా. ఇవతల షూటర్ దగ్గర ఇంకో యాంటెనా, దాన్నించి వైఫైలో ట్యాబ్‌కి బొమ్మ. పక్క నుంచి తీస్తే టార్గెట్ ఏటవాలుగా కనపడుద్ది కదా, దాన్ని యాప్ సరిచేసి ఎదురుగా నిలబెట్టి చూపిస్తుంది. పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పోల్చి కొత్తగా పడ్డ చిల్లుని మిణుకు మిణుకు మనిపిస్తుంది, ఏది ఎన్నోదో వరస కూడా దాచి పెడుతుంది. కొన్ని వందల డాలర్లే, వాడి స్కోప్ ఖరీదుతో పోలిస్తే టీ ఖర్చు.

దీన్ని నేను తిట్టట్లేదు, అది ముందే రాసి పెట్టుకోండి. ఎందుకంటే నేను బట్ డ్యూటీ చేసినోణ్ణి. ఎన్‌సీసీలో చేసినోళ్ళకి తెలుస్తుంది బట్ అంటే, టార్గెట్ల కింద గోడ, గోడ వెనక గుంట, గుంటలో మనం. నెత్తి మీంచి బుల్లెట్ పోతుంటే ఫట్‌మని కొరడా దెబ్బ, ఆ తర్వాత తీరిగ్గా అవతల రైఫిల్ పేలిన ధబ్ వినపడుద్ది. 300 మీటర్లు రావడానికి బుల్లెట్‌కి అర సెకను పట్టదు, శబ్దానికి దాదాపు 0.9 సెకను పడుద్ది, అదీ తేడా. చేతిలో మైదా జిగురు డబ్బా, జేబు నిండా చిన్న చిన్న కాగితం ముక్కలు. కాల్పులాగగానే టార్గెట్ దించి, కర్రకున్న డిస్క్‌తో ఒక్కో చిల్లూ చూపించి, కాగితం అతికించి మళ్ళీ లేపడం. జిగురు డబ్బాకి చీమలు పట్టేవి, అవి చేతులెక్కి కుడుతుంటే ఫోన్లో అవతల ఉస్తాద్ "చార్ నంబర్ దిఖావ్, జల్దీ" అని అరుపు. ఒకసారి నాలుగో నంబర్ వాడు ఐదు కొట్టానంటాడు, మాకు నాలుగే చిల్లులు కనపడ్డాయి, నాలుగే చూపించాం. ఐదోది పాత చిల్లులోంచే దూరిందేమో, అట్ట దాటి పోయిందేమో, ఆ దేవుడికే తెలియాలి. వాడు రిటైరయ్యేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదండి. ఆ రోజున ఈ కెమెరా ఉంటే ఒక స్నేహం మిగిలేది. కాబట్టి కెమెరా వద్దు, పాత పద్ధతే ముద్దు అనే బ్యాచ్ కాదు నేను.

ఇంకో ముచ్చట. కొన్న మొదటివారం వాడికి సిగ్నలే రాలేదు. 300 గజాల దాకా బ్రహ్మాండంగా వచ్చింది, 1000 దగ్గర బొమ్మ ముక్కలు ముక్కలు. "మావయ్యా డబ్బులు బొక్క" అని వీడియో కాల్ చేశాడు. "ఒరేయ్, యాంటెనా ఎక్కడ పెట్టావో చూపించరా" అన్నాను. రెండు వైపులా గడ్డి మీద పెట్టి కూర్చున్నాడు మహానుభావుడు. ఎదురెదురుగా కనపడితే చాలనుకుంటారు అందరూ, రేడియో తరంగం దారంలా సన్నగా పోదు, మధ్యలో దోసకాయలా ఉబ్బుద్ది. 914 మీటర్ల దూరానికి 2.4 గిగాహెర్ట్జ్ అయితే సరిగ్గా సగం దారిలో ఆ దోసకాయ సగం మందం 5 మీటర్ల పైనే, అందులో కనీసం సగానికి పైగా ఖాళీ ఉండాలి. నువ్వు గడ్డిలో పెడితే కింది సగమంతా భూమిలోకి పోయినట్టే. ఇదే రోగం మా చెరువుల మీద రోజూ చూస్తాను, వేసవిలో బిగించినప్పుడు లింక్ బాగుంటది, వానాకాలం వచ్చి గట్టు మీద కొబ్బరిమొక్క ఆకు ఒక్కటి అడ్డంగా పెరిగి తడిసిందా, అంతే, ఓనరు అర్ధరాత్రి ఫోన్ చేసి "కెమెరా పోయింది, రొయ్యలెవడో పట్టుకుపోతున్నాడు" అని గోల. కత్తి పట్టుకెళ్ళి ఆకు కొడితే కెమెరా వచ్చేస్తుంది. అల్లుణ్ణి రెండు వైపులా ఎత్తు స్టాండ్లు కొనమన్నాను. కొన్నాడు. బొమ్మ వచ్చింది. "మావయ్యా నువ్వు దేవుడివి" అన్నాడు, అది కూడా రికార్డ్ చేసుకోవాల్సింది.

అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది.

బొమ్మ రాగానే వాడు మనిషి కాకుండా పోయాడు. ఒక బుల్లెట్ కొడతాడు, తల తిప్పి ట్యాబ్ చూస్తాడు, కుడికి పడిందా రైఫిల్ స్కోప్ మీద గురి దిద్దే బుడిపె, టరెట్ అంటారు, దాన్ని ఎడమకి రెండు క్లిక్కులు, మళ్ళీ కొడతాడు, ఈసారి ఎడమకి పడింది, కుడికి రెండు క్లిక్కులు. 1000 గజాల దగ్గర ఒక్క క్లిక్ అంటే రెండున్నర అంగుళాల పైమాట. నేను ఇక్కడ మంచం మీద కూర్చుని వీడియోలో చూస్తుంటే నా చెయ్యి దురద పెట్టేసింది. ఎంత మంచి రైఫిలైనా అన్ని బుల్లెట్లూ ఒకే చిల్లులోకి పోవు, దాని చిల్లుల గుంపు దానికి ఉంటది. ఆ గుంపులో అటోటీ ఇటోటీ పడటం సహజం. ఆ సహజమైన తేడాకి ప్రతిసారీ ఎదురు దిద్దుకుంటా పోతే గుంపు బాగుపడదు సరికదా లెక్క ప్రకారమే సుమారు 1.4 రెట్లు పెద్దదవుద్ది. ఇది నా పైత్యం కాదు, డెమింగ్ అనే క్వాలిటీ పెద్దాయన గరాటులోంచి గోలీలు వదిలి చూపించిన విషయమే.

మన రైతులకి గరాటు అక్కర్లేదు, చెక్ ట్రే చాలు. మేత వేశాక రొయ్య తిన్నదో లేదో చూడ్డానికి రెండు గంటలాగి ట్రే లేపుతారు. కొత్తగా చెరువేసినోడు పావుగంటకోసారి లేపుతాడు. మేత మిగిలింది అని తగ్గిస్తాడు, ఖాళీగా ఉంది అని పెంచుతాడు, సాయంత్రానికి రొయ్యకీ వాడికీ ఇద్దరికీ అజీర్ణం. చూడటానికి వీలుంది కదా అని చూస్తానే ఉంటే ఇలాగే ఉంటది.

అయినా క్లిక్కుల రోగం నాలుగు తిట్లతో పోద్ది. నాకు నిజంగా మండేది ఇంకోటి. కెమెరా వచ్చాక వాడు స్పాటింగ్ స్కోప్ కారులోంచి దించడం మానేశాడు. "ఇంకెందుకు మావయ్యా, ట్యాబ్‌లో హెచ్‌డీలో కనపడుతుంటే" అంటాడు. ఒరేయ్ సన్నాసీ, ఆ స్కోప్ చిల్లు చూడ్డానికి మాత్రమేనట్రా?

చిల్లు కనపడకుండా అడ్డం పడే ఆ ఊగే వేడి ఉంది చూశారూ, షూటర్లు మిరాజ్ అంటారు, మన ఎండమావి. అదే గాలి కబురు చెప్పేది. స్కోప్ ఫోకస్‌ని టార్గెట్ మీంచి కాస్త ఇవతలికి లాగితే టార్గెట్ మసకబారి ఆ ఎండమావి పారడం కనపడుద్ది. ఎడమ నుంచి కుడికి కాలవలా పారుతుంటే గాలి అటు. ఏటవాలుగా లేస్తుంటే కొద్ది గాలి. ఎసరు మరిగినట్టు నిట్టనిలువుగా పైకి లేస్తుంటే పక్కగాలి లేదు, లేదా గాలి సరిగ్గా ఎదురుగానో వెనకనుంచో వస్తోంది, అప్పుడు జాగ్రత్త, ఎటు తిరుగుద్దో తెలీదు. 6.5 క్రీడ్‌మోర్ బుల్లెట్ 1000 గజాలు పోవడానికి ఒకటిన్నర సెకను పైన పడుద్ది, గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలి ఉంటే మీటరున్నర నుంచి రెండు మీటర్లు పక్కకి కొట్టుకుపోద్ది. కొబ్బరాకు గలగలమనే గాలండి అది, తుఫానేం కాదు. దానికి అన్నం కంచం కాదు, పెళ్ళి గుండిగ పెట్టినా తప్పిపోద్ది.

కెమెరా టార్గెట్ పక్కనే కూర్చుంటుంది కాబట్టి దాని కంటికీ కాగితానికీ మధ్య ఎండమావే ఉండదు. అందుకే బొమ్మ అద్దంలా ఉంటది. అంటే మిగతా 900 మీటర్ల గాలిని మొత్తం దాటేసి అవతల ఒడ్డున కూర్చుని ఫలితం చెప్తోంది. నీ బుల్లెట్ మాత్రం ఆ దారిలోనే పోవాలి కదరా. పరీక్ష తప్పాక ఆన్సర్ పేపర్ హెచ్‌డీలో చూసుకుంటే ఏం లాభం?

గాలి సంగతి గోదావరోళ్ళకి ఒకడు చెప్పాలా అసలు. మే నెలలో పొద్దున్నంతా పడమటి వడగాడ్పు కొట్టి మధ్యాహ్నం ఒక్కసారిగా ఆగిపోద్ది, ఆకు కదలదు, ఊపిరాడదు, తర్వాత సముద్రం వైపు నుంచి పైరగాలి మెల్లిగా దిగుద్ది. ఆ ఆగిన పది నిమిషాలే మోసం. మా నాన్న వరి తూర్పారబట్టేటప్పుడు చేట ఎత్తి పట్టుకుని ఊరికే నిలబడేవాడు, పొట్టు ఎటు పోద్దో ఆయన చెంపకి ముందే తెలిసేది. ఆయన రైఫిల్ ముట్టుకోలేదు గానీ మా రెజిమెంట్లో ఉండుంటే నాకంటే బాగా కొట్టేవాడు.

సంక్రాంతికి బరుల దగ్గర చూస్తున్నాం కదా, ఎల్ఈడీ తెరలు పెడుతున్నారు. తప్పో ఒప్పో ఆ చర్చ ఇక్కడొద్దు గానీ, బరి తాడు పట్టుకుని ముందు వరసలో నిలబడ్డోడు కూడా మెడ తిప్పి తెర చూస్తాడు, కోడి వాడి కాళ్ళ దగ్గరే ఉంటది. మా అల్లుడూ అంతే.

కామెంట్లలో వచ్చే ప్రశ్నలకి ఇప్పుడే చెప్పేస్తున్నా. మనకి ఇక్కడ ఇలాంటి రేంజిలు లేవు, 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్స్ లేకుండా రైఫిల్ ముట్టుకోకూడదు, లైసెన్స్ ఉన్నా పొలం గట్టున కాల్చుకోవడానికి కాదు. చెరువు మీద కొంగలకీ నీటికాకులకీ ఎయిర్‌గన్ పనికొస్తదా అని ఇన్‌బాక్స్‌లో అడిగేవాళ్ళకి దణ్ణం, వలలు కట్టుకోండి, 1972 వన్యప్రాణి చట్టం కింద లోపలేస్తారు. పిల్లలకి సరదా ఉంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పించండి, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది దాంట్లోనే. అందులో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే, గదిలో కాబట్టి గాలి గొడవ లేదు.

ఇక మా ఒప్పందం. నెల రోజులు పోట్లాడుకుని ఒక మాట మీదకి వచ్చాం. కెమెరా ఆన్‌లోనే ఉండాలి, రికార్డ్ అవుతానే ఉండాలి, ట్యాబ్ మాత్రం బోర్లా పెట్టాలి. స్కోప్‌లో ఎండమావి చూడాలి, ఐదు బుల్లెట్లు కొట్టాలి, ఒక్కోటీ ఎటు పోయిందనుకుంటున్నాడో నోటితో చెప్పాలి, నేను కాగితం మీద రాస్తాను. ఆ తర్వాతే ట్యాబ్ తిప్పడం.

మొన్న శనివారం, వాడికి పొద్దున్న తొమ్మిది, నాకు రాత్రి ఏడున్నర. మా ఆవిడ భోజనానికి పిలుస్తానే ఉంది. గాలి ఎడమ నుంచి అన్నాడు, దానికి తగ్గట్టు గురి ఎడమకి పట్టుకుని కొట్టడం మొదలెట్టాడు. మూడయ్యాయి. నాలుగోది కొట్టగానే "ఛ" అన్నాడు.

"ఏమైందిరా?"

"నొక్కేముందు మిరాజ్ నెమ్మదించింది మావయ్యా, చూశాను కానీ వేలు ఆగలేదు. ఎడమకి పోయుంటది."

రాశాను. ఐదోది కూడా కొట్టి ట్యాబ్ తిప్పి కెమెరాకి చూపించాడు. నాలుగు చిల్లులు మధ్యలో దగ్గర దగ్గరగా. జానెడు ఎడమకి ఒకటి ఒంటరిగా, దాని పక్కన యాప్ వేసిన అంకె 4.