బ్యాక్‌స్పేస్ గారికి ఉద్వాసన పత్రం

బ్యాక్‌స్పేస్ గారూ,

నమస్కారం. ఇన్నేళ్లు కీబోర్డు మీద కుడి పై మూలన కూర్చుని మీరు చేసిన సేవ చాలు, ఇక దయచేయండి. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికన్ జాజ్ విద్వాంసుడు ఛార్లీ పార్కర్ శాక్సఫోన్ రెండు ట్రాకులు విన్నాను, మూడోది మొదలయ్యేలోపు జాజ్ కవినైపోయాను. జాజ్ కవి దిద్దడండీ. వచ్చింది వచ్చినట్టు వదులుతాడు.

పది నిమిషాల్లో పదకొండు కవితలు. తొమ్మిదింట్లో ‘నిశ్శబ్దం’ ఉంది. అన్నీ ఒకేలా ఉన్నాయేంటండీ అంది మా ఆవిడ. బ్లూస్ పాటల్లో మొదటి పాదం మళ్లీ పాడతారు, నీకు తెలీదులే అన్నాను. “మళ్లీ పాడేది మూడో పాదంలో జవాబు చెప్పడానికటగా, అదేదీ?” అంది. ఇంట్లో వైఫై అందరికీ ఉండటం వల్ల వచ్చిన తిప్పలివి.

మీరూ ఊరుకోరు, తెలుసు. పార్కర్ మూడు నాలుగేళ్లపాటు రోజుకు 11 నుంచి 15 గంటలు సాధన చేశానని 1954లో రేడియోలో చెప్పాడు కదా అంటారు. కుర్రతనంలో, 1936లో, కాన్సస్ సిటీలో ఆయన వాయిస్తూ తడబడితే డ్రమ్మర్ జో జోన్స్ డ్రమ్ముల తాళం, అదే సింబల్, ఊడదీసి కాళ్ల దగ్గరికి విసిరాడని కూడా గుర్తుచేస్తారు. అంటే ఆయనకూ ఒక బ్యాక్‌స్పేస్ ఉండేదన్నమాట, కాకపోతే ఇత్తడిది, మోగేది. మీరు నయం.

అమెరికన్ కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ ‘ది వేరీ బ్లూస్’ కవిత రాసి, ముగింపు నచ్చక ఎన్నాళ్లో కుస్తీ పట్టాడట. పాపం. నాకా బాధే లేదు, కుక్కర్ కూత వేసినచోట కవిత అయిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం జామ్ సెషన్‌లో, అంటే నలుగురూ కూడి అప్పటికప్పుడు వాయించే చోట, బ్లూస్ ఊదే జాజ్ కవిగా తనని చూడమన్న అమెరికన్ రచయిత జాక్ కెరొవాక్, ‘మెక్సికో సిటీ బ్లూస్’లోని 242 చరణాల్లో ఒక్కోదాన్ని చిన్న జేబు పుస్తకంలో ఒక పేజీకి పట్టేలా రాసుకున్నాడు, మన అవధానికి అక్షరమక్షరానికీ అడ్డుపడే నిషిద్ధాక్షరి పృచ్ఛకుడిలా ఆయనకు ఆ పేజీ అంచు. నాకు అంచు ఎక్కడిది? స్క్రీన్ కిందికి జరుగుతూనే ఉంటుంది, నేనూ జారుతూనే ఉంటాను.

కాబట్టి సెలవు. చిన్న సంగతొకటి మిగిలింది. పొద్దున్న పెట్టిన పోస్టులో ‘నేను జాజ్ కవిని’ అనబోతే ‘జాజి కవిని’ అని పడింది. అందరూ పూల కవిత్వం అనుకుని మల్లెల మీద కూడా రాయమంటున్నారు. పోయేముందు ఆ ఒక్క గుడి చెరిపేసి వెళ్దురూ.

ఇట్లు,
ఒక జాజి కవి