ఖాళీ గోడకు క్యూ

1911 ఆగస్టు 21. సోమవారం కాబట్టి ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి సెలవు. అంతకు ముందు అక్కడే పని చేసి వెళ్లిన విన్సెంజో పెరూజా అనే ఇటలీ పనివాడు గోడ మీదున్న మోనాలిసాను దించి, ఫ్రేము ఊడదీసి, బొమ్మ పట్టుకుని ఎంచక్కా వెళ్లిపోయాడు. ఆ సంగతి మర్నాటికి గానీ బయటపడలేదు. గోడ ఖాళీగా ఉండటం కావలివాళ్లు చూడకపోలేదు. ఫొటో తీయడానికి ఎవరో పట్టుకెళ్లి ఉంటార్లే అనుకున్నారు.

ఇంతవరకూ ఇది మామూలు దొంగతనం. విశేషం తర్వాత జరిగింది. వారం రోజులు మూసి ఉంచి తలుపులు తెరిచేసరికి బయట జనం. బొమ్మ ఉన్నన్నాళ్లూ అటు తొంగి చూడనివాళ్లు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. ఏం చూడటానికి? బొమ్మ ఉండాల్సిన చోటు చూడటానికి. గోడ, గోడకు కొక్కేలు. అంతే. అప్పటికింకా ఎవరికీ పెద్దగా తెలియని రచయిత ఫ్రాంజ్ కాఫ్కా కూడా మాక్స్ బ్రాడ్ అనే స్నేహితుడితో కలిసి వచ్చి ఆ ఖాళీని దర్శించుకుని వెళ్లాడు. ఈ స్నేహితుణ్ణి కాస్త గుర్తు పెట్టుకోండి, ముందుముందు పని ఉంది.

మోనాలిసాకు అంతకు ముందు పేరు లేదని అనను. కళ తెలిసినవాళ్ల మధ్య బాగానే ఉండేది. దారిన పోయే మనిషికి కూడా ఆ ముఖం తెలిసేంత పేరు మాత్రం అది గోడ మీద లేని కాలంలోనే వచ్చింది. పత్రికలు మొదటి పేజీల్లో బొమ్మ వేశాయి. అపొలినేర్ అనే కవిని అనుమానం మీద కొన్నాళ్లు జైల్లో పెట్టారు. పికాసోను పిలిచి ప్రశ్నించారు. పాపం లియొనార్డో ఏళ్ల తరబడి రంగు మీద రంగు వేసి సాధించలేనిది ఒక పనివాడు ఒక్క పూటలో సాధించాడు, అదీ దించడం ద్వారా.

నేను చాలా కాలంగా గొప్పతనం మీద పరిశోధన చేస్తున్నాను. నాకు అది రాలేదు కాబట్టి తీరిక ఎక్కువ. మనుషులు, ఊళ్లు, ఆలోచనలు ఎలా పైకొస్తాయని అడిగితే పెద్దలు ప్రతిభ, కృషి, పట్టుదల అని మూడు మాటలు చెబుతారు. చెప్పేవాళ్లు సాధారణంగా అప్పటికే పైన ఉన్నవాళ్లు. ఎక్కిన నిచ్చెన గురించి ఎక్కినవాడు చెప్పే మాట అంత నమ్మదగింది కాదని నా అనుమానం. ఆ గోడ కథ చదివాక మాత్రం నా సిద్ధాంతం గట్టిపడింది: గొప్పతనానికి కావలసిన సరంజామాలో అన్నిటికన్నా తక్కువ అవసరమైంది ఆ గొప్ప వస్తువే. ఉంటే మంచిదే. లేకపోయినా పని ఆగదు.

సరంజామాలో మొదటిది, ఎత్తిన మెడలు. 1969లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం న్యూయార్క్ పేవ్‌మెంటు మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించింది. ఒకే ఒక్కడు నిలబడి ఎదురుగా ఉన్న భవనంలో ఆరో అంతస్తు కిటికీ వైపు చూస్తుంటే, దారినపోయేవాళ్లలో నూటికి నలుగురు ఆగారు. పదిహేను మంది చూస్తుంటే నూటికి నలభై మంది ఆగారు. ఆగకుండా నడుస్తూనే తల ఎత్తినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే నూటికి 86. కిటికీలో చూడదగ్గది ఏమీ లేదు.

దీన్ని గొర్రెదాటు అని వెక్కిరించేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఒక్కడు ఆకాశంలోకి చూస్తే మనం అతని ఆరోగ్యం గురించి కంగారు పడతాం, పదిహేను మంది చూస్తే మన ఆరోగ్యం గురించి కంగారు పడతాం: నాకే కనిపించడం లేదా అని. గొప్పతనంలో కష్టమంతా ఆ మొదటి పదిహేను మందిని పోగెయ్యడంలోనే ఉంది. పదహారోవాడు తనంతట తానే వస్తాడు. వచ్చి, ఎవరో చూశారని రాలేదు, నా అభిరుచి కొద్దీ వచ్చాను అంటాడు. నలుగురితో నారాయణా అనడానికి సిగ్గుపడే కాలం కదా.

ఇది మన పెద్దలకు తెలియని విషయమేమీ కాదు. గంగలో స్నానానికి దిగబోతూ ఒకాయన తన రాగిచెంబు ఎవరైనా ఎత్తుకుపోతారని ఇసుకలో పాతిపెట్టి, ఆనవాలుగా పైన చిన్న ఇసుకకుప్ప చేశాడట. చూసినవాళ్లు అదేదో పుణ్యకార్యం అనుకుని తలా ఒక కుప్ప చేశారు. ఆయన మునిగి లేచి చూస్తే ఒడ్డంతా కుప్పలే. చెంబు ఏ కుప్ప కింద ఉందో దొరకలేదు. ఈ కథ చెప్పి 'గతానుగతికో లోకః', అంటే లోకం ముందువాడి వెనకే పోతుంది అంటారు, జనాన్ని తప్పుపడుతూ. నా దృష్టిలో ఆ ఒడ్డు చరిత్రలో అదొక మహోజ్వల ఘట్టం. చెంబు సంగతంటారా, చెంబు గురించి ఆలోచించింది ఆయనొక్కడే.

మెడలు వాటంతట అవి లేవకపోతే కొనుక్కోవచ్చు. ఫాలోవర్లను కొనే ఈ కాలపు పిల్లలు తామేదో కొత్తది కనిపెట్టామనుకుంటారు. రోమ్ చక్రవర్తి నీరో పాట కచేరీలు చేసేవాడు. చప్పట్ల కోసం ఐదు వేలకు పైగా కుర్రాళ్లను ఎంపిక చేసి, జట్లుగా విడదీసి, శిక్షణ ఇప్పించాడని చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. చప్పట్లలో రకాలు కూడా ఉండేవి. ఒకటి తేనెటీగల రొద, ఒకటి పెంకుల చప్పుడు, ఇంకొకటి ఇటుకల చప్పుడు. ఇప్పుడు మనకున్నది ఒక్క లైకు గుర్తు. రెండు వేల ఏళ్లలో మనం సాధించిన ప్రగతి ఇది. పాట సాగుతున్నంతసేపూ ఎవరూ బయటికి వెళ్లడానికి వీల్లేదు. తట్టుకోలేక కొందరు చచ్చిపోయినట్టు నటించి, మోసుకెళ్లే మనుషుల సాయంతో బయటపడ్డారని కూడా ఆయనే రాశాడు. కళకు ప్రేక్షకుడు చేయగలిగిన త్యాగానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

పంతొమ్మిదో శతాబ్దపు ప్యారిస్ నాటకశాలల్లో ఈ విద్య ఒక చక్కని ఉద్యోగంగా స్థిరపడింది. డబ్బు పుచ్చుకుని చప్పట్లు కొట్టే ఆ జట్టును 'క్లాక్' (claque) అనేవాళ్లు. జట్టుకో నాయకుడు. ఆయన ముందే నాటకం చూసి ఎక్కడ ఎంత మోత మోగాలో నిర్ణయించేవాడు. నవ్వడానికి కొందరు, ఏడవడానికి రుమాళ్లు పట్టుకున్న ఆడవాళ్లు కొందరు, మళ్లీ మళ్లీ అని అరవడానికి ఇంకొందరు. పక్క సీటులో డబ్బు పెట్టి టికెట్టు కొన్న పెద్దమనిషి, అందరూ ఏడుస్తున్నారు కదా అని తనూ కళ్లు ఒత్తుకునేవాడు. అతనే పదహారోవాడు. ఏడవడానికి జీతం పుచ్చుకున్నవాళ్లను విమర్శకులు తిట్టారు గానీ, ఎదురు డబ్బిచ్చి ఏడ్చినవాణ్ణి ఎవరూ ఓదార్చలేదు.

మరి నాణ్యత అనేది ఏమీ లేదా అంటారు. ఉంది. న్యాయంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 14 వేల మందికి పైగా శ్రోతలకు ఎవరూ వినని 48 పాటలు వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగిలినవాళ్లను ఎనిమిది లోకాలుగా విడదీసి, తమ లోకంలో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా చేశారు. మరీ మంచి పాటలు అరుదుగా మునిగాయి. మరీ చెత్త పాటలు అరుదుగా తేలాయి. మధ్యలో ఉన్నవాటి జాతకం మాత్రం ఏ లోకానికి ఆ లోకమే. ఒక లోకంలో మొదటి స్థానం కొట్టిన పాట ఇంకో లోకంలో నలభయ్యోది. అదే పాట, అదే గొంతు. మొదట వచ్చిన నలుగురు వేరు, అంతే. నాబోటి మధ్యస్థులకు ఇంతకన్నా ఊరట కలిగించే ప్రయోగం లేదు. ఏదో ఒక లోకంలో నేను నంబర్ వన్. నా దురదృష్టం కొద్దీ ఈ లోకంలో పుట్టాను.

ఊళ్ల సంగతి ఇంకా తేలిక, వాటికి నోరు లేదు. 1507లో వాల్డ్‌సీముల్లర్ అనే జర్మన్ పటాల పండితుడు కొత్త ఖండాన్ని కనిపెట్టింది అమెరిగో వెస్పూచీ అనుకుని, పటం మీద దక్షిణ భాగంలో 'అమెరికా' అని వేశాడు. తర్వాత అనుమానం వచ్చింది కాబోలు, 1513 నాటి పటంలో ఆ పేరు తీసేశాడు. అప్పటికే ఆలస్యమైంది. మొదటి పటం అచ్చయి ఊళ్లు తిరిగింది. 1538లో మెర్కేటర్ అనే ఇంకో పటాల పండితుడు ఆ పేరును ఉత్తర భాగానికి కూడా తగిలించాడు. తప్పును పుట్టించినవాడికి కూడా దాన్ని చంపే అధికారం లేదన్నమాట. ఎవరెస్టుదీ అదే కథ. శిఖరం ఎత్తు లెక్క కట్టింది రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ గణితజ్ఞుడు. పేరు పెట్టింది భారత సర్వే శాఖ పాత అధికారి జార్జ్ ఎవరెస్టుది. ఆయన వద్దన్నాడు, స్థానికులకు నోరు తిరగదన్నాడు. 1865లో ఖాయం చేసేశారు. ఆయన తన ఇంటిపేరును 'ఈవ్‌రెస్ట్' అని పలికేవాడు. లోకమంతా 'ఎవరెస్ట్' అంటుంది. నోరు తిరగంది స్థానికులకొక్కరికే కాదు.

పైకి రావాలంటే మిత్రుల కన్నా శత్రువులు నమ్మకస్తులు. ఈఫిల్ టవర్ పునాదుల దగ్గర ఉండగానే, 1887 ఫిబ్రవరిలో, రచయిత మొపాసా, సంగీతకర్త గూనో వంటి హేమాహేమీలు సంతకాలు పెట్టి ఇది నగరానికి అవమానం అని పత్రికలో లేఖ వేయించారు. ఆ ఇనుప కట్టడానికి అంతకన్నా మంచి ప్రకటన ఎవరు రాయగలరు? ఇరవై ఏళ్ల అనుమతి తీరి ఊడదీయాల్సిన సమయానికి వైర్‌లెస్ యాంటెన్నాకు పనికొస్తుందని బతికిపోయింది. అందం కోసం నిలిచిందని ఇప్పుడు అంటే ఎవరూ కాదనరు. 2003లో గాయని బార్బ్రా స్ట్రైశాండ్ తన ఇంటి ఫొటో ఇంటర్నెట్లో ఉండకూడదని ఐదు కోట్ల డాలర్లకు దావా వేసింది. అప్పటికి ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసింది మొత్తం ఆరుసార్లు. అందులో రెండుసార్లు ఆమె లాయర్లే. దావా వార్త వచ్చాక ఒక్క నెలలో నాలుగు లక్షల మందికి పైగా ఆ సైటుకు వెళ్లారు.

ఇక ఆలోచనలు. ఇక్కడ నాకు కొంచెం నవ్వు తగ్గుతుంది. 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలు కోసిన చేతులతో కాన్పులు చేయడం వల్లే తల్లులు చచ్చిపోతున్నారని పసిగట్టి, క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోతుంటే జూన్ నాటికి ఇద్దరికి దిగింది. వస్తువు ఉంది, తిరుగులేని వస్తువు. మెడలు లేవు. పెద్ద డాక్టర్లకు తమ చేతులు మురికివి అనిపించుకోవడం నచ్చలేదు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నారు. ఆయన కూడా తక్కువవాడు కాదు. పుస్తకం రాయడానికి 1861 దాకా ఆగి, తర్వాత ఒప్పుకోనివాళ్లను హంతకులని బహిరంగ లేఖల్లో తిట్టాడు. 1865లో పిచ్చాసుపత్రిలో పెడితే రెండు వారాల్లో చనిపోయాడు. నా సిద్ధాంతం ఇక్కడ కూడా చక్కగా రుజువైంది, ఎందుకో సంతోషించలేకపోయాను.

కొత్త సత్యం ప్రత్యర్థులను ఒప్పించి గెలవదు, వాళ్లు పోయేదాకా ఆగి గెలుస్తుంది అన్న అర్థంలో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ ఒక మాట అన్నాడు. అంటే శాస్త్రవేత్తకు కావలసింది ఆయుర్దాయం. ఖండాలు కదులుతాయని 1912లో చెప్పిన జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1930లో గ్రీన్‌లాండ్ మంచులో ముందుగా తనే పోయాడు. ఖండాలు ఆయన మాట విన్నాయి గానీ, భూగర్భ శాస్త్రజ్ఞులు వినడానికి 1960లు రావాల్సి వచ్చింది.

ఆయుర్దాయం లేనివాళ్లకు ఒక మాక్స్ బ్రాడ్ కావాలి. కాఫ్కా తన రాతలన్నీ చదవకుండా తగలబెట్టమని ఆ స్నేహితుడికి రాసిపెట్టి 1924లో కన్నుమూశాడు. స్నేహితుడు మాట వినలేదు, మర్నాటి ఏడాది నుంచే అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. ఖాళీ గోడ ముందు నిలబడి ఆయన ఏం నేర్చుకున్నాడో నాకు తెలియదు గానీ, నా మిత్రులందరినీ ఒకసారి కూర్చోబెట్టి, నా పాత డైరీలు తప్పకుండా తగలబెట్టమని గట్టిగా చెప్పాను. అందరూ సరే అన్నారు. ఒకడైతే ఇప్పుడే ఇవ్వమన్నాడు. అంత మాట వినే మిత్రులుంటే మనిషి పైకి రాడు.

ఇంతకీ ఆ దొంగ. పోలీసులు మొదట్లోనే అతన్ని ప్రశ్నించి వదిలేశారు. 1913 డిసెంబర్లో ఫ్లోరెన్స్‌లో ఒక కళావస్తువుల వ్యాపారికి బొమ్మ అప్పగించబోయి దొరికిపోయాడు. కొద్ది నెలలు జైల్లో ఉండి వచ్చాడు. రెండేళ్లకు పైగా మోనాలిసా ఎక్కడుందయ్యా అంటే, చాలాకాలం అదే ప్యారిస్‌లోనే, అతని అద్దె గదిలో, ఒక పెట్టె అడుగున. లూవ్ర్‌లో గోడ ముందు జనం ఒకరినొకరు తోసుకుంటున్న ఆ రోజుల్లో, ఆ గది తలుపు ముందు ఎవరూ నిలబడలేదు. నిలబడితే బొమ్మ కనిపించేది.