జెనాన్ కూడా లోహమేనట!

ఖగోళ శాస్త్రజ్ఞుల పరిభాషలో హైడ్రోజన్, హీలియం తప్ప సృష్టిలోని మూలకాలన్నీ లోహాలే. మనం పీల్చే ఆక్సిజన్ లోహం, పొయ్యిలోని బొగ్గు లోహం, దుకాణాల బోర్డుల్లో వెలిగే నియాన్ కూడా లోహమే. ఇంతటి పెద్దల మాటను కాదనడానికి మనమెవరం? 1868 ఆగస్టు 18న ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించిన నాటి నుంచి నడిచిన హీలియం కథలో, అదేదో లోహమై ఉంటుందనుకుని దాని పేరుకు లోహాలకు పెట్టే 'ఇయం' తోక తగిలించారు. తోకతో పుట్టిన హీలియాన్నేమో ఇప్పుడు లోహాల బంతిలోంచి లేపేసి, ఆ తోక లేని క్రిప్టాన్, జెనాన్ వాయువులకు పీటలు వేశారు.

నా విసుగుకు మూలం ఆర్‌ఈ 0503-289 అనే శ్వేత కుబ్జ నక్షత్రం, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రపు గుండె. దాని ఉపరితల ఉష్ణోగ్రత 70,000 కెల్విన్లు, గురుత్వం భూమి మీద ఉన్నదానికి దాదాపు 30,000 రెట్లు. అంతటి గురుత్వంలో బరువైన పరమాణువులు ఎప్పుడో అడుక్కి దిగిపోవాలి. అయినా 2012లో జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రజ్ఞులు దాని అతినీలలోహిత వర్ణపటంలో, అంటే తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన కాంతి పట్టీలో, జెర్మేనియం, ఆర్సెనిక్, అయోడిన్, క్రిప్టాన్, జెనాన్ వంటి వాటి గీతలను పట్టుకున్నారు. ఇన్నింటికీ కలిపి ఉమ్మడి బిరుదు, లోహాలు!

ఈ పరిభాషను పాత సామాన్ల బండి దగ్గర అమలు చేసి చూద్దాం. మన ఖగోళవేత్త టించర్ అయోడిన్ సీసా, బొగ్గుల సంచి, ఆక్సిజన్ సిలిండరు వరుసగా పేర్చి "అన్నీ లోహాలే బాబూ, తూకం వెయ్యి" అంటాడు. బండివాడు సిలిండరును వేలితో కొట్టి చూసి "దీనికి రేటు కడతాను సార్, లోపలున్నది మీరే ఉంచుకోండి" అంటాడు. "లోపలున్నదీ లోహమేనయ్యా!" అని పట్టుబట్టి, ఆయన జెనాన్ నింపిన బుడగను తక్కెడలో పెడతాడు. జెనాన్ గాలికంటే బరువు గనుక పళ్లెం కాస్త కిందికి దిగుతుంది, ఆయన విజయగర్వంతో మీసం దువ్వుతాడు. హీలియం బుడగ మాత్రం ఇంట్లోనే వదిలి వచ్చాడు, అది లోహం కాదు కదా.

నవ్వింది చాలు. ఆ నక్షత్రపు గీతలను నమోదు చేసిన ఫ్యూజ్ అనే అతినీలలోహిత దూరదర్శిని ఉపగ్రహం 2007లోనే మూగబోయింది. ఎలక్ట్రాన్లు ఊడిన జెనాన్ ఏ తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని మింగుతుందో ప్రయోగశాలల్లో కొలిచి, లెక్కగట్టి, పట్టికలు రాసినవాళ్లు లేకపోతే అవి ఈనాటికీ అనామక గీతలే. ఒక్కో మూలకాన్ని పేరు పెట్టి పిలవడానికి వాళ్లు కళ్లు పొడుచుకుంటే, ఆ పేర్లన్నీ తుడిచేసి 'లోహం' అని రాసే చేతికి సిగ్గుండొద్దా? దీన్ని సౌలభ్యం అంటారా? ఇది పచ్చి బద్ధకం! ఆ బరువైన పరమాణువులు మునగకుండా తేలుతున్నాయంటే లోపలి నుంచి వచ్చే వెలుగు వాటిని పైకి నెట్టడం వల్లనే. ఆ వెలుగు సైతం అన్నింటినీ ఒకే గంపలో వేసి ఎత్తదు. ప్రతి మూలకాన్నీ దాని సొంత గీతల దగ్గరే పట్టుకుంటుంది, అయోడిన్‌కు ఒక తోపు, జెనాన్‌కు మరొక తోపు.