మోసపోయామని చెప్పడానికి సిగ్గెందుకు?

ట్రాఫిక్ చలానా బకాయి ఉందంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. రైతుకు అదే ఫైలు పీఎం కిసాన్ పేరుతో వస్తుంది, పింఛనుదారుకు బ్యాంకు కేవైసీ పేరుతో వస్తుంది. ఇంకొందరికి ఈ రాత్రికి కరెంటు తీసేస్తామన్న హెచ్చరిక వస్తుంది. పంపింది చాలాసార్లు మనకు తెలిసినవారి నంబరే. వారి వాట్సాప్ అప్పటికే నేరగాళ్ల చేతిలో పడిందని వారికీ తెలియదు.

అక్షరదోషాలను బట్టి దొంగ సందేశాన్ని పట్టుకోవాలని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాం. ఇప్పుడవి తప్పుల్లేని తెలుగులో, బ్యాంకు చిహ్నంతో సహా వస్తున్నాయి. కాబట్టి ఆ సందేశం మన చేత ఏం చేయించాలని చూస్తోందో గమనించాలి. 2016లో యూపీఐ వచ్చిన నాటి నుంచీ ఒక నియమం మారలేదు: డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. రీఫండ్ ఇస్తాం, బహుమతి పంపుతాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నారంటే మన ఖాతాలోంచి డబ్బు లాగుతున్నారనే అర్థం. డబ్బు చెల్లించమని అవతలివారు మన యాప్‌కు పంపే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ పేరుతో ఈ మోసం ఎంతగా సాగిందంటే, వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్నే 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆపించింది.

చలానా ఫైలు ఇంతకంటే ప్రమాదకరం. పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది పత్రం కాదు, ఫోనులోకి ఎక్కే యాప్. దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి ఇచ్చామా, ఓటీపీలు నేరుగా అవతలికి చేరిపోతాయి. ‘నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదు’ అని బాధితులు అనేది అబద్ధం కాదు. పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే వెంటనే ఇంటర్నెట్ ఆపేసి, మరో ఫోను నుంచి బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. సందేశాన్ని మాత్రం చెరిపేయకూడదు, అది సాక్ష్యం.

ఇక్కడే మన సమాజం చేస్తున్న తప్పు ఒకటుంది. మోసపోయినవారిని ముందుగా అడిగే మాట ‘చదువుకున్నావు, ఆ మాత్రం తెలియదా?’ అని. పోయింది పదివేలైనా పది లక్షలైనా ఆ మాటకు భయపడి రాత్రంతా ఇంట్లో చెప్పనివారు ఉంటారు. భర్తకు చెప్పలేని భార్య, కొడుకుకు చెప్పలేని తండ్రి మనసులోనే కుమిలిపోతుంటే, డబ్బు అద్దె ఖాతాల (నేరగాళ్లు వాడుకునే ఇతరుల ఖాతాల) గుండా చేతులు మారి ఏటీఎంలోంచి బయటికి వెళ్లిపోతుంది. 1930కి వెంటనే చెబితే ఆ సొమ్మును దారిలోనే నిలిపివేయించే అవకాశం ఉంటుంది. తెల్లవారే దాకా ఆగితే ఆ అవకాశం చాలావరకు పోతుంది. అందుకే బాధితులను నిందించడం నాకు కేవలం మర్యాదకు సంబంధించిన విషయంగా తోచదు. అది నేరుగా నష్టాన్ని పెంచుతోంది.

చట్టపరంగానూ సమయమే కీలకం. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మధ్యలో మరెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లోగా తెలిపినవారిపై భారం పడదు. ఖాతాదారే పిన్‌నో ఓటీపీనో చెప్పేసి ఉంటే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం పూర్తిగా అతనిదే. ఆ తర్వాత జరిగేది బ్యాంకు భరించాలి. ఈ రెండో నియమం నాకు కఠినంగానే అనిపిస్తుంది. నైపుణ్యంతో వల పన్నిన ముఠా చేతిలో చిక్కినవారినీ, అజాగ్రత్తగా ఉన్నవారినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

పైగా ఖాతాదారులకు లింకులు నొక్కడం అలవాటు చేసింది బ్యాంకులే. రుణం ఇస్తామనీ, కార్డు తీసుకోమనీ వాటి సందేశాల్లోనూ లింకులు ఉంటాయి. అసలు ఏదో, నకిలీ ఏదో సామాన్యుడు ఎలా తేల్చుకోవాలి? బ్యాంకుల వెబ్‌సైట్లు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31 వరకు గడువు పెట్టడం మంచి పనే. కానీ ఆ సంగతి ఎంతమంది ఖాతాదారులకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పారు?

డబ్బు పోకపోయినా అనుమానపు సందేశాన్ని కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’ విభాగంలో తెలపవచ్చు. డబ్బు పోతే మాత్రం 1930తో ఆగకుండా బ్యాంకుకూ విడిగా చెప్పి, ఫిర్యాదు సంఖ్యను, చెప్పిన సమయాన్ని రాసి ఉంచుకోవాలి. తర్వాత ఎవరి బాధ్యత ఎంత అన్న వాదన వచ్చినప్పుడు బ్యాంకు ముందు పెట్టాల్సిన ఆధారం అదే.